తేదీలు చెరగకుండా

మా హాల్లో కంప్యూటర్ బల్ల కింద నుంచి టిక్ టిక్ అని శబ్దం మొదలైంది. బల్లి అనుకున్నాం. ఏదైనా మాట అనుకుంటుండగా బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మా అత్తమ్మ నమ్మకం. అప్పుడే ఆమె, మా ఆయన ఈసారి సంక్రాంతికి మస్కట్ నుంచి వస్తాడని అంటోంది. రెండు రోజులు సంబరపడింది. మూడోరోజు నేను సిస్టమ్ ఆన్ చేస్తే తెర వెలగడానికి పావుగంట పట్టింది. అంతసేపూ టిక్ టిక్. అప్పుడు తెలిసింది, బల్లి బల్ల కింద లేదు, డబ్బా లోపల ఉందని.

కోరుట్లలో ఒక షాపుకు మోసుకెళ్లాం, నేనూ మా చిన్నదీ. ఆ అబ్బాయి చెవి పెట్టి విని, "హార్డ్ డిస్క్ పోతుందక్కా. కొత్తది వేసి విండోస్ కొడతా. పాతదాంట్ల ఉన్నది రాదు" అన్నాడు. కూరగాయలు ఏరినట్టు అంత తేలిగ్గా. అందులో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ అని చెప్పాను. "గదెందుకక్కా, ఎవరు చూస్తరు దాన్ని?" అన్నాడు. డబ్బా ఎత్తుకుని ఇంటికొచ్చేశాం.

ఆ లైనక్స్ మా పెద్దోడు పెట్టింది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో వాడు చదువుతున్నప్పుడు, 2014లో, ఒక ఆదివారం వచ్చి పాత సిస్టమ్ మీద ఉబుంటు వేసి పోయాడు. డబ్బు కట్టక్కర్లేదు, వైరస్‌ల గొడవ తక్కువ, తెలుగు చక్కగా కనిపిస్తుంది అన్నాడు. బీఏ తెలుగు చదివినదాన్ని, ఆ చివరి మాట ఒక్కటి చాలు నాకు. అప్పటి నుంచి ఇంటి ఖర్చుల లెక్కలు, చిన్నదాని ప్రాజెక్టులు, ఇక్కడ మీరు చదివే ఈ రాతలు అన్నీ దాంట్లోనే. ఇవన్నీ పోయినా మళ్లీ రాసుకోవచ్చు. లెక్కలు పోతే ఇంకా మంచిదే, ఎంత ఖర్చు పెట్టానో ఎవరికీ తెలియదు.

కానీ అందులో మా బాపు ఉన్నాడు.

మా తల్లిగారిది సిరిసిల్ల. బాపు సాంచాల మీద బతికిన మనిషి. మరమగ్గాలని పేపర్లలో రాస్తారు గానీ సిరిసిల్లలో వాటిని సాంచాలనే అంటారు. చిన్నప్పుడు మాకు ఆ టకటకలోనే నిద్ర పట్టేది, కరెంటు పోయి సాంచాలు ఆగితే మెలకువ వచ్చేది. 2013లో మా ఆయన మస్కట్ నుంచి వస్తూ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉండే వాయిస్ రికార్డర్ ఒకటి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు, సేల్‌లో తక్కువకు వచ్చిందట. నేను దాన్ని పట్టుకుని సిరిసిల్ల పోయినప్పుడల్లా బాపు ముందు పెట్టి కూర్చునేదాన్ని. చేనేత మగ్గాలు పోయి సాంచాలు ఎట్ల వచ్చినయి, పని దొరక్క భివండి ఎట్ల పోయినరు, అక్కడ ఒక్క గదిలో ఎంతమంది పడుకునేటోళ్లు, పడుగుకు, పేకకు సంబంధించిన మాటలు ఏమేమి ఉన్నయి, అన్నీ అడిగేదాన్ని. బాపు మొదట్లో ఆ యంత్రాన్ని చూసి గొంతు సవరించుకుని మీటింగ్‌లో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. తర్వాత అది ఉన్నట్టే మరిచిపోయాడు.

మొత్తం 43 ముక్కలు. బాపు 2015 కార్తీకంలో పోయాడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి ఊరంతా రంగురంగుల చీరలు నేసింది. ఆయన అవేవీ చూడలేదు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ మీకు అర్థం కాదు. ఆ రికార్డర్ ఫైళ్లకు తనే పేరు పెట్టేది, రెక్ 1, రెక్ 2 అని. మెమరీ నిండి ఖాళీ చేసినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి మొదలు. అందుకని మా దగ్గర నాలుగు ఫోల్డర్లలో నాలుగు రెక్ 1లు ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక, బాపు ఆరోగ్యంగా ఉన్నప్పటిది ఏది, దమ్ము తీస్తూ మాట్లాడింది ఏది అన్నది తెలిసేది ఫైలు పక్కన కనిపించే తేదీని బట్టే.

షాపు నుంచి వచ్చిన రాత్రే ముందు వాటిని కాపాడుకుందామని కూర్చున్నాను. పెద్దోడు ఎప్పుడో నేర్పిన ఆదేశం గుర్తుంది. సీపీ, పక్కన హైఫన్ ఆర్. సీపీ అంటే కాపీ. ఈ కుదించిన పేర్లు అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్ మొదలుపెట్టినప్పటి కాలానివి. అప్పటి టెలిటైప్ మిషన్ల మీద ఒక్కో అక్షరం కొట్టడమే పెద్ద పనట, అందుకని రెండక్షరాలతో సరిపెట్టారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కూడా అదే దారిలో నడిచింది. అమెరికాలో ఎవరో బద్ధకించి పెట్టిన పేరు కోరుట్లలో నాకు ఉపయోగపడింది.

కాపీ అయిపోయింది. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే గుండె జారింది. అన్ని ఫైళ్లకూ ఆ రోజు తేదీ, ఆ రాత్రి టైమే. బాపు రెండేళ్లు మాట్లాడిన మాటలన్నీ ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఒక్కసారే మాట్లాడినట్టు. పైగా లెక్కపెడితే 42.

పెద్దోడికి ఫోన్ చేశాను. వాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. నా గొంతు విని అత్తమ్మకే ఏదో అయిందనుకుని భయపడ్డాడు.

"అమ్మా, నువ్వు ముందు ఏడుపు ఆపు. కాపీ తీస్తే అసలుదానికి ఏం కాదు. పాత డిస్కుల తేదీలు గట్లనే ఉంటయి."

"మరి 43వది?"

"అది చదవలేకపోయింది కావచ్చు. పైన ఒక లైన్ల ఎర్రర్ వచ్చే ఉంటది, నువ్వు చూసి ఉండవ్. ఇగ దాన్ని ముట్టకు. సిస్టమ్ బంద్ చెయ్యి. చదివినకొద్దీ ఇంకా పాడైతది. కొత్త డిస్కు తెచ్చినంక ఒకేసారి చేద్దాం."

మా ఆయనకు ఇమోలో చెబితే, "ఎందుకంత తండ్లాట, కొత్త కంప్యూటరే కొనరాదు?" అన్నాడు. మంచిమనిషి. కానీ కొన్ని సంగతులు మస్కట్ నుంచి కనపడవు.

మర్నాడు జగిత్యాల పోయి 480 జీబీల ఎస్ఎస్‌డీ తెచ్చాను, రెండు వేల పైచిలుకు. లోపల తిరిగే చక్రం ఉండదు కాబట్టి టిక్ టిక్ అనడానికి ఏమీ లేదు. పాతది 500 జీబీలు. కొత్తది ఇరవై తక్కువ. అచ్చు దింపినట్టు డిస్కును డిస్కుగా మొదటి నుంచి చివరి దాకా కాపీ తీసే పద్ధతి ఒకటుంది గానీ, పెద్ద జాడీని చిన్న జాడీలో దించలేం కదా. జాడీలో ఉన్న పచ్చడిని మాత్రం ఎత్తి పోసుకోవచ్చు. మా పాతదాంట్లో నిజంగా ఉన్నది 140 జీబీలే. అందుకే ఫైళ్లుగా కాపీ చేద్దామన్నాడు వాడు.

శనివారం రాత్రి. చిన్నది వీడియో కాల్ పట్టుకుని కూర్చుంది, అన్నయ్య అవతల. నేను స్క్రూడ్రైవర్‌తో డబ్బా విప్పాను. లోపల దుమ్ము చూసి సిగ్గనిపించింది. ఇల్లంతా అద్దంలా పెట్టుకుంటానని పేరు నాకు. పాత డిస్కు అక్కడే ఉంచి, కొత్తది పక్క తీగకు తగిలించాం. తర్వాత పెద్దోడు ఎప్పుడో వదిలిపోయిన ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ లేపాం. ఇది ముఖ్యం. నడుస్తున్న సిస్టమ్‌ను నడుస్తుండగా కాపీ చేస్తే, ఊడుస్తున్న ఇంట్లో పిల్లలు తిరిగినట్టే. ఒక మూల సర్దేలోపు ఇంకో మూల మారిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి లేపితే పాత డిస్కు పడుకునే ఉంటుంది. దాన్ని చదవడానికి మాత్రమే, రాయడానికి వీల్లేకుండా తెరిచాం. కొత్తదాంట్లో గదులు కట్టి, రెంటికీ పాత, కొత్త అని పేర్లు పెట్టుకున్నాం.

"ఇప్పుడు ఆర్‌సింక్, హైఫన్, చిన్న ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్" అన్నాడు వాడు.

"గివన్నీ ఏంటివిరా?"

ఒక అక్షరానికి ఒక కథ చెప్పాడు. చిన్న ఏ అంటే ఉన్నది ఉన్నట్టు. యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ లోపలి రాతతో పాటు బయట కొంత సమాచారం ఉంటుంది. ఎవరిది, ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, చివరిసారి ఎప్పుడు మారింది. ఎవరిది అన్నది పేరుగా కాదు, అంకెగా రాసి ఉంటుంది. సిస్టమ్‌కు పెద్ద అయిన రూట్‌ది సున్నా. ఉబుంటులో మొదట చేరిన మనిషికి 1000. అంటే మా ఇంట్లో నేను 1000. మామూలుగా కాపీ చేస్తే ఈ అంకెలు చెదిరిపోవచ్చు. సున్నాకు చెందాల్సిన ఫైళ్లు 1000కి వస్తే సిస్టమ్ సరిగ్గా నడవదు, నా పాస్‌వర్డ్‌తో పెద్ద పనులు చేయించే సుడో అయితే మొరాయిస్తుంది. తాళాలన్నీ కోడలి చేతికి వచ్చినా ఇల్లు నడుస్తుందని నేననుకుంటాను గానీ కంప్యూటర్ ఒప్పుకోదట.

తేదీ కూడా అంకే. 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ లెక్క. 2014 ఏప్రిల్‌లో బాపు మాట్లాడిన ఫైలు పక్కన 139 కోట్ల పైన సెకన్లు ఉంటాయన్నమాట. నేను మొదటిరోజు వాడిన ఆదేశం ఆ అంకెను మోసుకురాలేదు, కాపీ పుట్టిన ఘడియనే రాసుకుంది. తప్పు దానిది కాదు, నేను అడగలేదు.

పెద్ద హెచ్ సంగతి నాకు బాగా నచ్చింది. ఒకే ఫైలుకు రెండు పేర్లు ఉండొచ్చట. రెండు చోట్ల కనిపిస్తుంది, లోపల ఉన్నది ఒక్కటే. ఈ అక్షరం చెప్పకపోతే ఆర్‌సింక్ అవి రెండు వేర్వేరు ఫైళ్లనుకుని రెండు చేసి పెడుతుంది. నన్ను తల్లిగారింట్లో ఒక పేరుతో పిలుస్తారు, అత్తగారింట్లో ఇంకో పేరుతో. మనిషిని నేనొక్కదాన్నే. పనులు చూస్తే మాత్రం ఇద్దరిని చేసి పెట్టారేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మిగిలిన రెండక్షరాలు అదనపు అనుమతుల గురించి. వాటిని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

మొదటిసారి పాత అన్న మాట చివర ఏటవాలు గీత పెట్టడం మరిచాను. గీత పెడితే గదిలోని సామాను వస్తుంది, పెట్టకపోతే గదే వస్తుంది. కొత్త ఇంట్లో పాత ఇల్లు మొత్తం ఒక గదిలా కూర్చుంది. ఆపి, చెరిపి, మళ్లీ. ఈసారి తెర మీద పేర్లు వర్షంలా కురవడం మొదలైంది.

అట్లా చూస్తుంటే నాకు వైపని గుర్తొచ్చింది. సాంచ మీద బీము అయిపోవచ్చినప్పుడు పాత పడుగును తెంపి పారేయరు. కొత్త బీము తెచ్చి, దాని పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే అతుకుతారు. వందలు, వేల పోగులు. ఆ పనికి వేరే మనుషులుంటారు, ఆ పనినే వైపని అంటారు. మా బాపు దగ్గరికి వచ్చే ఆయన కూర్చున్నాడంటే తలెత్తేవాడు కాదు. మేం పిల్లలం పక్కన కూర్చుని, ఏ పోగుకు ఏ పోగో ఎట్ల తెలుస్తది అని అడిగితే, "వరస తప్పొద్దు బిడ్డా, గంతే" అనేవాడు. వరస తప్పితే తప్పిన చోట ఒక్కటే కాదు, ఆ బీము అయిపోయేదాకా ప్రతి గజంలో అదే గీత కనిపిస్తుంది.

పదకొండున్నరకు కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకే. చిన్నది "అయ్యో" అని అరిచింది, అత్తమ్మ లేచి ఏమైందని అడిగింది. నేను అప్పటికే వంటింట్లోకి పోయి నీళ్లు తాగుతున్నాను, ఎవరికీ కనపడకుండా. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చాక మళ్లీ పెన్‌డ్రైవ్‌తో లేపి, రెండు డిస్కులనూ తెరిచి, అదే ఆదేశం కొట్టాం. ఆర్‌సింక్ గొప్పదనం అది. అప్పటిదాకా వచ్చినవాటిని చూసుకుంటూ పోయి, రానివాటి దగ్గర అందుకుంది. అత్తమ్మ మాతోపాటే కూర్చుని, "ఇంకెంతసేపు పడ్తదే?" అని పది నిమిషాలకొకసారి అడిగింది.

రెండు దాటాక ఆగింది. మూడు ఫైళ్లు రాలేదని చెప్పింది. రెండు సినిమా పాటలు. మూడోది బాపుది, మూడో ఫోల్డర్‌లో రెక్ 7.

పెద్దోడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ పెట్టించి డీడీ రెస్క్యూ అనేది దింపించాడు. మామూలు కాపీ చదవరాని చోటు తగలగానే ఆ ఫైలును వదిలేస్తుంది. ఇది వదలదు. బాగున్న భాగాలన్నీ ముందు తీసుకుని, పాడైన చోటికి తర్వాత వచ్చి మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక కాగితం రాసుకుంటుంది కూడా. డిస్కు టిక్ అంటుంది, ఇది ఆగుతుంది, మళ్లీ అడుగుతుంది. ముసలివాళ్లకు అన్నం తినిపించినట్టు ఉంది నాకు. బాపు చివరి నెలల్లో అమ్మ అట్లాగే ముద్ద పట్టుకుని కూర్చునేది.

తెల్లారుతుండగా తేలింది. 4096 బైట్లు తప్ప అంతా వచ్చింది. వాడు లెక్క వేసి, "అర సెకను పోయిందమ్మా, గంతే" అన్నాడు. ఫైలు కొత్తగా పుట్టింది కాబట్టి దానికి మళ్లీ ఆ రోజు తేదీయే పడింది. టచ్ అని ఇంకో ఆదేశం చెప్పాడు. పాత ఫైలును చూపించి, దీనికీ ఆ తేదీ పెట్టు అంటే పెడుతుంది. పెట్టింది. 2014 నవంబర్.

మిగిలింది కొత్త డిస్కు తనంతట తాను లేవడం. ప్రతి డిస్కు భాగానికీ యూయూఐడీ అని పొడుగాటి గుర్తింపు ఉంటుంది, మన ఆధార్ నంబర్ లాగా. ఫైళ్లన్నీ వచ్చినా, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే జాబితాలో పాత డిస్కు గుర్తింపే రాసి ఉంటుంది. దాన్ని మార్చాలి. తర్వాత మొదట లేపే గ్రబ్‌ను కొత్త డిస్కు మీద వేయాలి. నేను గుర్తింపును కాగితం మీద రాసుకుని టైప్ చేసి ఒక బీని ఆరు చేశాను. సిస్టమ్ సగంలో ఆగి నిలబడింది. చిన్నదే కనిపెట్టింది. బీఏ తెలుగు, మీ అమ్మ ఇంగ్లిష్ రాత ఇంతే అని చెప్పాను.

పాత డిస్కు తీగ పీకి, ఆన్ చేస్తే అర నిమిషంలో లేచింది. నేను పెట్టుకున్న మల్లెచెట్టు ఫోటో తెర మీద. శబ్దం లేదు. అత్తమ్మ మాత్రం బల్లి పోయిందని కాస్త బాధపడింది.

పాత డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. బాపు ముక్కలు కొత్త డిస్కులోనే కాక ఇంకో రెండు చోట్ల ఉన్నాయి ఇప్పుడు. ఒకటి బెంగళూరులో. ఇంతకాలం ఒక్కచోటే ఎందుకు ఉంచానో అడక్కండి. పండుగ వెండిగిన్నెలకు మూడు తాళాలు వేసుకునేదాన్ని నేను.

తర్వాతి ఆదివారం ఫోన్‌లో 43 ముక్కలూ వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాను, కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చూపు తగ్గింది, మానెయ్యమంటే వినదు. నేను మూడో ఫోల్డర్‌లో ఏడోది పెట్టాను. బాపు గొంతు వినగానే అమ్మ చెయ్యి ఆగింది, మళ్లీ ఆకు అందుకుంది.

భివండికి మొదటిసారి పోయిన కథ అది. "గప్పుడు చేతిల పైస లేదు. పోయే పొద్దు మీ అమ్మ తన..." అక్కడ గర్రుమని చిన్న శబ్దం. "...తీసిచ్చింది. మళ్ల తెస్తనన్న. తేలే."

నేను ఆపాను. ఆ ముక్క ఒకప్పుడు నా ముందే చెప్పాడు, నేనే రికార్డు చేశాను. అయినా ఆ మాట ఏమిటో నాకు గుర్తు లేదు. పుస్తెలా? దాచుకున్న పైసలా? కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా బస్సులో అదే ఆలోచిస్తూ వచ్చాను.

"కడియాలు" అంది అమ్మ, తలెత్తకుండానే. "వెండియి. మా అవ్వ పెట్టినయి. వేములవాడల కుదువ పెట్టిండు."

"విడిపించలేదా?"

"ఏడ విడిపిస్తం." బీడీకి దారం చుట్టింది. "తేలే అని నీకు చెప్పిండా? నాతోని ఎన్నడనలేదు."

కాసేపటికి, "ఇంకోపారి పెట్టు" అంది.

ఇంటికి వచ్చాక రెక్ 7 పక్కన చిన్న ఫైలు ఒకటి రాసి పెట్టాను. దాంట్లో ఒకటే మాట, కడియాలు. దానికి మాత్రం ఆ ఆదివారం తేదీయే ఉంచాను.